పేరు రాసే కిటికీ

ఒక ఫొటో ఎవరిది? తీసినవాళ్లదా, అందులో ఉన్నవాళ్లదా, దాన్ని ట్రంకు పెట్టెలో ఏళ్ల తరబడి దాచినవాళ్లదా? స్త్రీవాదం ఫొటో గురించి మాట్లాడినప్పుడల్లా ఎక్కువగా చూపు గురించే మాట్లాడింది. ఎవరు చూస్తున్నారు, ఎవరు ఆ చూపుకి వస్తువవుతున్నారు అని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. దాని అవసరం ఇంకా తీరలేదు కూడా. అయితే దాని పక్కనే మరో ప్రశ్న ఉంది. ఫొటో కింద పేరు రాసేది ఎవరు? ఎవరి పేరు రాయాలో, ఎవరి పేరు రాయకపోయినా పరవాలేదో తేల్చేది ఎవరు? నాకీ ప్రశ్న సిద్ధాంత గ్రంథాల్లో ఎదురుకాలేదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వచ్చిన, జేబులో పట్టే మడత కెమెరాల గురించి చదువుతున్నప్పుడు ఎదురైంది. వాటిలో కొన్నింటికి వెనకవైపు చిన్న కిటికీ లాంటి తలుపు ఉండేది. అది చూడ్డానికి కాదు, రాయడానికి.

ఆ కిటికీ దాకా వెళ్లాలంటే ముందు ఆ కెమెరా కథ కొంచెం చెప్పుకోవాలి. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ అమెరికాలోని రోచెస్టర్ నగరంలో కొడాక్ అనే పెట్టె కెమెరాని తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. ధర 25 డాలర్లు. వంద ఫొటోలకు సరిపడా రీలు అందులోనే ఉండేది. అది అయిపోగానే కెమెరా మొత్తాన్ని కంపెనీకి పంపితే వాళ్లు ఫొటోలు కడిగి, కొత్త రీలు వేసి తిరిగి పంపేవాళ్లు. మీరు బొత్తాం నొక్కండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం అన్నది వాళ్ల ప్రకటన. 1898లో ఫోల్డింగ్ పాకెట్ కొడాక్ వచ్చింది. రెండుంపావు అంగుళాల వెడల్పు, మూడుంపావు అంగుళాల పొడవు ఉండే దాని నెగెటివ్ కొలత ఆ తర్వాత దశాబ్దాల పాటు నిలిచిపోయింది. 1912లో వచ్చిన వెస్ట్ పాకెట్ కొడాక్ ఇంకా చిన్నది. మూస్తే అంగుళం మందం. తెరిస్తే ముందు భాగం కత్తెరలా విచ్చుకునే పట్టీల మీద బయటికి వస్తుంది. లెన్సుకీ రీలుకీ మధ్య హార్మోనియం తిత్తిలాంటి నల్లటి మడతలు సాగుతాయి. 1926 దాకా తయారైన ఈ కెమెరాలు ఇరవై లక్షలకు దగ్గరగా అమ్ముడుపోయాయంటారు.

ఈ కెమెరాని కంటికి ఆనించి చూడరు. ఛాతీ దగ్గర పట్టుకుని, తల వంచి, గోరంత అద్దంలో కుడిఎడమలు తారుమారైన బొమ్మని చూస్తారు. ఇదే జాతికి చెందిన మరికొన్ని కెమెరాల్లో ఎదుటి మనిషి ఎన్ని అడుగుల దూరంలో ఉన్నారో అంచనా కట్టి సూదిని ఆ అంకె మీదికి జరపాలి. మడత విప్పడం, తల వంచడం, దూరం కొలవడం, ఇదంతా ఎదుటివాళ్ల కళ్లముందే జరుగుతుంది. అంటే తమ ఫొటో తీస్తున్నారన్న సంగతి వాళ్లకి తెలిసే అవకాశం ఉంది. తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు. కాదనగలగడం మరీ వేరు. ఈ మూడింటి మధ్య ఉన్న దూరాన్ని కొలిచే సూది ఏ కెమెరాలోనూ లేదు.

'పాకెట్' అన్న మాట దగ్గర కూడా ఆగాలి. ఎవరి పాకెట్? వెస్ట్ అంటే మగవాళ్లు కోటు లోపల తొడుక్కునే చేతుల్లేని జాకెట్టు. ఆ జాకెట్టు జేబు కొలతే ఈ కెమెరాకి పేరయింది. అప్పటి పాశ్చాత్య స్త్రీల దుస్తుల్లో పనికొచ్చే జేబులు అరుదు. మనకయితే కొంగు ముడీ, బొడ్డు దోపూ తప్ప జేబన్నదే లేదు. ఆడవాళ్లకి జేబు లేదన్న సంగతి కంపెనీకి తెలియకపోలేదు. దాని పరిష్కారం 1928లో వచ్చింది. వానిటీ కొడాక్ పేరుతో అదే మడత కెమెరాని ఐదు రంగుల్లో, రంగుకో పక్షి పేరు పెట్టి అమ్మారు. బ్లూబర్డ్, కాకటూ, జెన్నీ రెన్, రెడ్‌బ్రెస్ట్, సీగల్. 1929లో మరో అడుగు వేసి కొడాక్ ఆన్‌సాంబుల్ అనే చేతిసంచిలాంటి పెట్టె తెచ్చారు. అందులో కెమెరాతో పాటు లిప్‌స్టిక్కు, పౌడరు డబ్బీ, అద్దం ఉండేవి. మగవాడి జేబులో ఉన్నంతకాలం కెమెరా లోకాన్ని చూసే సాధనం. ఆడదాని సంచిలోకి వచ్చేసరికి దాని పక్కన అద్దం వచ్చి చేరింది. నువ్వు చూస్తున్నప్పుడు కూడా నువ్వెలా కనబడుతున్నావో మరిచిపోకు అని చెప్పే అద్దం అది.

అయినా ఇదంతా మోసం అని తీసిపారేయలేం. 1893 నుంచీ కొడాక్ ప్రకటనల్లో 'కొడాక్ గర్ల్' అనే అమ్మాయి కనబడుతూ వచ్చింది. 1910 ప్రాంతం నుంచి ఆమెకి నీలం తెలుపు చారల గౌను వేశారు. సముద్రపు ఒడ్డున, కొండల మీద, రైలు పక్కన, చేతిలో కెమెరాతో ఒంటరిగా నిలబడిన అమ్మాయి. ఆడపిల్ల గడప దాటితే ఎవరు తోడు అని అడిగే కాలంలో ఆ బొమ్మ ఎంతమందికి ఊపిరి పోసి ఉంటుందో ఊహించవచ్చు. కెమెరా చేతిలో ఉన్న ఆడదానికి ఒకచోట నిలబడి తీరిగ్గా చూడ్డానికి ఒక సాకు దొరికింది. వీధిలో ఊరికే నిలబడే హక్కు ఎన్నడూ లేనివాళ్లకి సాకు కూడా చిన్న విషయం కాదు. ఆ హక్కుతో పాటు ఒక చాకిరీ కూడా అప్పజెప్పారన్నది నిజమే. పిల్లల పుట్టినరోజులు, పండగలు, ప్రయాణాలు అన్నీ ఫొటో తీసి ఆల్బంలో అతికించి కుటుంబపు జ్ఞాపకాన్ని కాపాడే బాధ్యత ఇంటి ఆడవాళ్ల మీద పడింది. స్వేచ్ఛనీ బాధ్యతనీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మడం మార్కెట్టుకి కొత్త కాదు.

'మిగతాది మేం చూసుకుంటాం' అన్న వాక్యంలో ఆ 'మేం' ఎవరు? చీకటి గదుల్లో రీళ్లు చుట్టినవాళ్లు, కడిగినవాళ్లు, ఆరబెట్టినవాళ్లు, లెక్కపెట్టి కవర్లలో పెట్టినవాళ్లు. ఈ పనుల్లో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. చారల గౌను అమ్మాయిని లోకమంతా గుర్తుపట్టింది. ఆమె నొక్కిన బొత్తాం తాలూకు మిగతా పని చేసినవాళ్లకి ఏ ప్రకటనలోనూ ముఖం లేదు.

అదే రోచెస్టర్‌లో అబిగైల్ రాబర్సన్ అనే అమ్మాయి ఉండేది. ఆమె ఫొటోని ఆమెకి తెలియకుండా ఒక పిండిమిల్లు కంపెనీ తన ప్రకటనకి వాడుకుంది. దాదాపు 25 వేల ప్రతులు అచ్చయి దుకాణాల్లో, గోదాముల్లో, సారా అంగళ్లలో వేలాడాయి. వాటిని అచ్చువేసింది రోచెస్టర్ ఫోల్డింగ్ బాక్స్ కంపెనీ. మడత కెమెరాలు చేసే ఊళ్లోనే మడత అట్టపెట్టెలు చేసే కంపెనీ అది. తన ముఖం అలా ఊరంతా కనబడటం చూసి మనసు చెదిరి మంచం పట్టానని, 15 వేల డాలర్ల పరిహారం ఇప్పించమని ఆమె కోర్టుకెక్కింది. 1902లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం నలుగురికి ముగ్గురి తేడాతో ఆమె వాదాన్ని కొట్టేసింది. అలాంటి హక్కు చట్టంలో ఎక్కడా లేదంది. మెజారిటీ తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి ఆల్టన్ పార్కర్, మరొకరయితే తమ అందానికి దక్కిన మెప్పుగా దీన్ని భావించేవారన్న అర్థం వచ్చే మాట కూడా రాశాడు. ఈ మాట మనకి కొత్తదేమీ కాదు. వీధిలో ఈల వేసినవాడూ, పోకిరీ పాట పాడినవాడూ ఇదే అంటాడు. అందంగా ఉన్నావు కాబట్టే కదా!

ఆ తీర్పు మీద ఎంత గగ్గోలు పుట్టిందంటే 1903లో న్యూయార్క్ శాసనసభ ఒక చట్టం చేసింది. బతికున్న మనిషి పేరుగానీ, ఫొటోగానీ వ్యాపారానికో ప్రకటనకో వాడాలంటే వాళ్ల రాతపూర్వక అనుమతి ఉండాలంది. ఆ మరుసటి ఏడాది, అంటే 1904లో, పార్కర్ అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. తను ఆదమరిచి ఉన్నప్పుడు కెమెరాలవాళ్లు ఫొటోలు తీస్తున్నారని విసుక్కున్నాడు. అప్పుడు రాబర్సన్ పత్రికలో బహిరంగ లేఖ రాసి, నాకు లేదన్న హక్కు మీకెక్కడినుంచి వచ్చిందని అడిగింది. ఇలాంటి విషయాల్లో ఆడవాళ్ల పేర్లు ఇలాగే చరిత్రలోకి వస్తాయి. అంతకుముందు 1890లో ఇద్దరు న్యాయవాదులు, వారెన్, బ్రాండైస్, ఏకాంతపు హక్కు గురించి రాసిన ప్రసిద్ధ వ్యాసంలోనూ ఒక నటి కేసు ఉంది. వేదిక మీద బిగుతు దుస్తుల్లో ఉండగా తన అనుమతి లేకుండా ఫొటో తీశారని మారియన్ మానొలా అదే ఏడాది కోర్టుకి వెళ్లింది. ఏకాంతం గురించిన ఆధునిక ఆలోచన పుట్టడంలో క్షణంలో ఫొటో తీయగలిగే కెమెరాకి ఎంత పాత్ర ఉందో, వద్దు అన్న ఆడవాళ్లకీ అంత పాత్ర ఉంది.

ఒక స్త్రీకి చూసే సాధనం దొరకడం, మరో స్త్రీకి తన రూపం మీద హక్కు దొరకడం రెండూ ఒకటి కావు. మొదటిది పెరిగితే రెండోది దానంతటదే పెరుగుతుందని అనుకోవడానికి ఆధారమేమీ లేదు. కెమెరా పట్టుకున్న ఆడవాళ్ల చరిత్రని వేడుకగా చెప్పుకునేటప్పుడు మనం తరచుగా మరిచిపోయేది ఇదే.

ఇప్పుడు ఆ కిటికీ. 1914లో హెన్రీ గైస్‌మన్ అనే అతని దగ్గర ఒక పేటెంటును ఈస్ట్‌మన్ కంపెనీ మూడు లక్షల డాలర్లకి కొన్నది. దాని పేరు ఆటోగ్రాఫిక్. కెమెరా వెనక సన్నటి తలుపు. తెరిస్తే రీలుకి రక్షణగా ఉండే ఎర్ర కాగితం కనబడుతుంది. కెమెరాకే తగిలించి ఉన్న లోహపు పుల్లతో దాని మీద రాయాలి. మన తాటాకుల మీద రాసే గంటానికి చెల్లెలనుకోవచ్చు. కాగితం కింద కార్బన్ కాగితం లాంటి పల్చటి పొర ఉంటుంది. రాసినచోట ఆ పొర వెలుతురుని లోపలికి వదులుతుంది. తలుపు తెరిచే ఉంచి కెమెరాని కొన్ని సెకన్లు ఆకాశం వైపు పట్టుకుంటే అక్షరాలు రీలు మీద, ఫొటోకీ ఫొటోకీ మధ్య ఉన్న ఖాళీలో పడతాయి. తర్వాత తలుపు మూసి రీలు తిప్పేయాలి. ఫొటో కడిగాక నల్లటి పట్టీ మీద తెల్లటి చేతిరాత కనబడుతుంది. తేదీ, ఊరు, పేరు. దాచుకోదగ్గ ప్రతి ఫొటోకీ తేదీ, పేరు ఉండాలన్నది కంపెనీ ప్రచారం. ఈ రీళ్లు 1930ల తొలి ఏళ్ల దాకా దొరికాయి.

సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి ఈ ఏర్పాటు నన్ను బాగా ఆకట్టుకుంది. చూడటం, రాయడం ఒకే పనిముట్టులో! వెలుతురే సిరా. కానీ ఆలోచించినకొద్దీ ఆ కిటికీ వెనక కొన్ని ఊహలు కనబడ్డాయి. రాసేది కెమెరా పట్టుకున్నవాళ్లే, ఎదుటివాళ్లు కాదు. పట్టుకున్నవాళ్లకి రాయడం వచ్చి ఉండాలి. వాళ్లకి ఎదుటివాళ్ల పేరు తెలిసి ఉండాలి, తెలియకపోతే అడగాలని తోచాలి. ఖాళీ చాలా చిన్నది కాబట్టి అందరి పేర్లూ పట్టవు, ఎవరో ఒకరిని వదలాలి. ఎవరిని వదులుతారో ఆ ఇంటి అమరికే చెబుతుంది.

ఇది నాకు ఊహాత్మకమైన సమస్య కాదు. నా పరిశోధన తెలుగు స్త్రీల స్వీయచరిత్రల మీద. దాన్నిప్పుడు పుస్తకంగా మారుస్తున్నాను. అందులో ఒక అధ్యాయం కోసం మా ఇంటి పాత ఫొటోలు కొన్ని చూశాను. మా అమ్మ వాళ్ల తాతగారు బెజవాడలో రైల్వే ఉద్యోగి. ఆయనకి మడత కెమెరా ఉండేది. ఆయన తీసిన ఒక ఫొటోలో వాకిట్లో ఒక స్త్రీ కూర్చుని ఉంది. ఒళ్లో ఏడాది లోపు పిల్లవాడు. రవిక లేని భుజం మీదుగా పైట. ఆమె కెమెరా వైపు చూడటం లేదు, పిల్లవాడి తల కదలకుండా అరచేత్తో పట్టుకుని వాడినే చూస్తోంది. కింద నల్ల పట్టీ మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో పిల్లవాడి పేరు, బెజవాడ, 1927. అంతే.

తొలినాటి ఫొటోగ్రఫీలో పిల్లలు కదలకుండా ఉండటానికి తల్లి మీద గుడ్డ కప్పి కుర్చీలాగా కూర్చోబెట్టేవారు. ప్లేటు మీద బొమ్మ పడటానికి అప్పట్లో అన్ని క్షణాలు పట్టేది. 1927 నాటికి ఆ అవసరం లేదు. వెస్ట్ పాకెట్ కెమెరాలోనే సెకనులో పాతికో వంతు, యాభయ్యో వంతు వేగాలుండేవి. గుడ్డ కప్పాల్సిన పని పోయింది, మనిషిని కుర్చీగా చూసే అలవాటు పోలేదు.

మా అమ్మమ్మ చెల్లెలికి తొంభై దాటాయి. ఆవిణ్ణి అడిగాను. "చిన్నమ్మమ్మా, ఈవిడెవరు?"

"మా పెద్దన్నయ్యని పెంచిందే. నన్నూ ఎత్తుకుంది. ఎప్పుడూ వక్కాకు నములుతూ ఉండేది. ముద్దు పెట్టుకుంటే బుగ్గంతా ఎర్రగా అయ్యేది, మా అమ్మ కోప్పడేది."

"పేరేమిటి?"

"పేరా? పెద్దవాళ్లు 'ఏమే' అని పిలిచేవాళ్లు. మేం పిల్లలం 'అవ్వ' అనేవాళ్లం. వాళ్ల పేర్లు మనమెందుకడుగుతామే అమ్మడూ."

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసింది. "రాత్రంతా నిద్ర పట్టలేదే. ఆవిడ పాడే జోలపాట మొత్తం గుర్తుంది. పేరు మాత్రం రావట్లేదు" అంది. ఎప్పుడూ అడగని పేరు గుర్తు రావడం ఎలా సాధ్యం? ఆ మాట పైకి అనలేదు. తొంభయ్యేళ్ల వయసులో ఆ లోటు ఆవిడకి తెలిసింది, అదే చాలా పెద్ద విషయం అనిపించింది.

నా పుస్తకం వేస్తున్నవారికి ఆ ఫొటో చూపించగానే ముఖచిత్రం ఇదే అన్నారు. ఆ కాలం ఉట్టిపడుతోందన్నారు. నా తోటి పరిశోధకురాలు ఒకామె గట్టిగా సమర్థించింది. "స్వీయచరిత్రలు రాసుకున్న స్త్రీల ఇళ్లలో, వాళ్లు రాసుకుంటున్న వేళ పిల్లల్ని ఎత్తుకున్నదెవరని నువ్వే కదా అడుగుతున్నావు! ఇదిగో, ఈమె. నువ్వు కూడా వేయకపోతే ఆమె రెండోసారి మాయమైపోదా?" అంది. ఇది తేలిగ్గా కొట్టేయగలిగిన మాట కాదు. కనబడని చాకిరీని కనబడేలా చేయడం మన ఉద్యమం తలకెత్తుకున్న పని. మనలో ఎవరు ఎవరి శ్రమ మీద నిలబడి రాస్తున్నారన్నది 1990ల నుంచీ దళిత స్త్రీలు మనల్ని అడుగుతూ వచ్చిన ప్రశ్న. ఆ ప్రశ్నకి ఆ ఫొటో కన్నా సూటి సాక్ష్యం నా దగ్గర మరొకటి లేదు.

కానీ ఆ వాకిట్లో ఆమె వద్దని అనగలిగేదా? ఫొటో తీస్తున్నది యజమాని. మడత విప్పడం, తల వంచడం ఆమె చూసే ఉంటుంది. ఇటు తిరుగు, అలా కూర్చో అన్నవి ఆయన నోట మర్యాదగా వచ్చినా ఆజ్ఞలే. మన చూపులో ఎంత సానుభూతి ఉన్నా, రవిక లేని ఆ భుజాన్ని పుస్తకాల దుకాణంలో వరసగా పేర్చినప్పుడు అది 'ఆ కాలం' కింద అమ్ముడవుతుంది. రాబర్సన్ కనీసం కోర్టు మెట్లెక్కగలిగింది. లేఖ రాయగలిగింది. ఈమెకి ఆ వాకిలి తప్ప మరో కోర్టు లేదు.

డబ్బూ హోదా ఉన్నవాళ్లు చూపు నుంచి తప్పుకోవడాన్ని కూడా కొనుక్కోగలరు. 1892లో రాజా దీన్ దయాళ్ హైదరాబాదులో జెనానా స్టూడియో పెట్టి, దాన్ని మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకి అప్పగించాడు. పరదా పాటించే సంపన్న స్త్రీలు ఎత్తైన గోడల మధ్య, మగవాళ్లెవరూ లేనిచోట ఫొటో తీయించుకోవచ్చు. ఆ గోడల్లో పరదా తాలూకు నిర్బంధం ఉంది, నిజమే. తనని ఎవరు చూడాలన్నది లెక్కలోకి తీసుకున్న గౌరవం కూడా ఉంది. వాకిట్లో పిల్లవాడిని పట్టుకుని కూర్చున్న మనిషికి నిర్బంధం తప్ప ఆ గౌరవం లేదు.

ఇక మిగిలిన దారులు చూశాను. ఆమెకి ఒక పేరు పెట్టడం ఒకటి. రచయితలకి ఇది బాగా అలవాటైన ప్రలోభం. ఊరూ పేరూ లేనివాళ్లకి ఊరూ పేరూ ఇచ్చి కథ రాస్తాం. కథగా రాస్తే రాయొచ్చు. కానీ ఫొటో కింద నేను కల్పించిన పేరు పెడితే, ఆమెకి ఉండే తీరిన పేరుని రెండోసారి తుడిచేసినట్టే. ఫొటోని అసలు చూపించకపోవడం మరొకటి. రొలాఁ బార్త్ 1980లో వచ్చిన తన ఫొటోగ్రఫీ పుస్తకంలో తల్లి చిన్నప్పటి ఫొటో చుట్టూ పేజీలకి పేజీలు రాసి, ఆ ఫొటోని మాత్రం వేయలేదు. ఆ నిరాకరణ నాకెప్పుడూ నచ్చుతుంది. అయితే ఆయన దాచుకున్నది తన తల్లిని. ఆమె ఎవరో లోకానికి తెలుసు. పేరూ బంధువులూ ఉన్న మనిషిని దాచడం ప్రేమ. ఏ ఆనవాలూ లేని మనిషిని దాస్తే ఆ ఉన్న ఒక్క ఆనవాలూ పోతుంది.

చివరికి నాకు దారి చూపింది 1903 నాటి ఆ న్యూయార్క్ చట్టమే. అది మొత్తంగా ఫొటోని నిషేధించలేదు. అమ్మకానికి వాడటాన్ని వేరుచేసింది. చట్టం బతికున్నవాళ్లకే వర్తిస్తుంది, నీతి చావు దగ్గర ఆగనక్కర్లేదు. ముఖచిత్రం ఎంత అందంగా ఉన్నా అది ప్రకటనే. పుస్తకాన్ని అమ్మే పని ఆమె చేత చేయించను. ఆమె ఇప్పటికే మా ఇంట్లో చాలా పని చేసింది. ముఖచిత్రానికి ఒప్పుకోనని చెప్పాను. పుస్తకం మళ్లీ ఆలస్యమైంది, మరో బొమ్మ వెతుకుతున్నారు. లోపల, పిల్లల్ని ఎవరు పెంచారన్న అధ్యాయంలో మాత్రం ఆ ఫొటో ఉంటుంది. అంచులు కత్తిరించకుండా, నల్ల పట్టీతో సహా. పట్టీ లేకపోతే అది ఎవరో పాతకాలపు స్త్రీ ఫొటో. పట్టీ ఉంటే, పక్కన పేరు రాసేంత అక్షరజ్ఞానం, రాసే పనిముట్టు, రాసే చోటు అన్నీ ఉండి కూడా ఒకరి పేరు రాయాలని తోచని ఇంటి ఫొటో. ఆ ఇల్లు మాదే.

దాని కింద ఏం రాయాలన్నది ఎక్కువసేపు ఆలోచించాను. 'ఆయా' అని రాయను, అది పని. 'అజ్ఞాత స్త్రీ' అని అసలే రాయను. ఆమె అజ్ఞాతంగా లేదు. ఆ వీధిలో, ఆమె వాడలో, ఆమె పిల్లలకి ఆమె పేరు తెలుసు. తెలియనిది మాకు. వాక్యంలో కర్త మారాలి. అందుకని ఇలా రాశాను: ఈమె పేరు ఫొటో తీసిన మా కుటుంబం అడగలేదు. దాని పక్కన మా తాతగారి ఉద్యోగం, బెజవాడలో వాళ్లున్న పేట, ఏడాది, వక్కాకు, జోలపాట. చిన్నమ్మమ్మ చెప్పినవన్నీ.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వేసినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల దగ్గరికి వెళ్లి అడిగారు. అడగడానికి మనుషులు మిగిలి ఉన్నారు. నా విషయంలో అడగవలసిన మనిషి లేదు. కానీ ఆమె మనుషులు ఎక్కడో ఉండి ఉండొచ్చు. మనవరాలో, మునిమనవరాలో, ఈ వివరాలు చూసి, మా నాయనమ్మ రైలు ఉద్యోగి ఇంట్లో పిల్లల్నెత్తుకునేదని మా వాళ్లు అనేవారే అని అనుకోవచ్చు. అలా ఎవరైనా వస్తే ఆ ఫొటో మీద మొదటి మాట వాళ్లదే. తీసేయమంటే తర్వాతి ముద్రణలో తీసేస్తాం. పేరు చెబితే రాస్తాం. ఈ షరతుని పుస్తకం వేస్తున్నవారితో కాగితం మీద రాయించుకున్నాను. ఇది పరిహారం కాదు. అలాగని మంచి మనసుతో చేసిన ఉపకారమూ కాదు. ఆమె తాలూకు వాళ్లకి ఉన్న హక్కుని నా హక్కు కన్నా ముందు పెట్టడం, అంతే.

ఆటోగ్రాఫిక్ కెమెరా సూచనల్లో ఒక జాగ్రత్త ఉండేది. రాయడం అయ్యాక తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచకూడదు, మూసి రీలు తిప్పేయాలి. రీలు ఒకసారి తిరిగిందంటే ఆ ఖాళీలో మళ్లీ ఏమీ రాయలేరు. కెమెరాకి అది తప్పదు. పుస్తకాలకీ, పరిశోధనలకీ అలాంటి నిర్బంధమేమీ లేదు. ఆ ఫొటో ఉన్న పేజీలో, నేను రాసిన వాక్యం కింద, రెండు పంక్తుల ఖాళీ వదలమని అచ్చువాళ్లకి చెప్పాను.